బ్రాకెట్లలో అంకుల్

"ముట్టుకోకండి ఆంటీ" అన్నాను. ఆ ఒక్క మాట అనకుండా నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది!

ఆంటీ ఇక్కడ అమెరికాలో, ప్లేనోలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండే రిటైర్డ్ డాక్టరు. ఆవిడ పచ్చళ్ల వెబ్‌సైటు తయారుచేసి ఇచ్చింది నేనే. ఆవిడకు తెలుగు టైపింగ్ రాదు. ఏ పచ్చడి ఎలా పెట్టాలో ఆవిడ చెబుతుంటే వాళ్లాయన, అంకుల్, టైప్ చేసేవారు, మధ్యమధ్య బ్రాకెట్లు పెట్టి తన సొంత వ్యాఖ్యానం ఇరికించేవారు. అంకుల్ పోయి రెండేళ్లయింది. ఆయన రాసినవి ఆ సైటులో తప్ప ఇంకెక్కడా లేవు. రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ ఆంటీ ఒక పేజీ చదువుకునేవారు.

ఒకరోజు ఫోన్ చేశారు. "ఏవయ్యా, సైట్‌లో ఎర్రగా ఓ నంబర్ కనిపిస్తోంది. ప్లగిన్ అప్‌డేట్ చెయ్యమంటోంది. సెక్యూరిటీ అని కూడా ఉంది. నొక్కెయ్యనా?"

పాఠకులు తమ జాడీల ఫోటోలు పంపుకోవడానికి నేనే తగిలించిన చిన్న ప్రోగ్రామది. అంతకుముందు ఒకసారి ఏదో అప్‌డేట్ చేస్తే తెలుగు అక్షరాలన్నీ డబ్బాలు డబ్బాలుగా మారిపోయి, నా శనివారం మొత్తం దానికే సరిపోయింది. మళ్లీ ఆ తలనొప్పి ఎవడు పడతాడు? అందుకే ముట్టుకోవద్దన్నాను, వీకెండ్ నేను చూస్తానన్నాను.

"ఆవకాయనైనా మూడో రోజు మూత తీసి కలుపుతాం కదయ్యా! దీనికి అక్కర్లేదా?" అన్నారు ఆంటీ.

నవ్వేశాను. ఆఫీసులో నా ఉద్యోగమేమిటో తెలుసా? ఇలాంటి అప్‌డేట్లు వాయిదా వేసేవాళ్లకు చివాట్లు పెట్టడం. సిగ్గుండాలి నాకు!

ఆ వీకెండ్ మా అమ్మాయి బర్త్‌డే పార్టీ. తర్వాతి వీకెండ్ ఇంకేదో. ఆంటీ మాత్రం ఆ బటన్ జోలికి వెళ్లలేదు. తడి చేత్తో జాడీని ముట్టుకోకూడదని ఎంత పట్టింపో, నా మాటకూ అంత విలువిచ్చారు.

మూడో వారం సైటు తెరిస్తే నిండా పేకాట ప్రకటనలు. ఫోటో పంపాల్సిన చోట ఎవడో ఒక ప్రోగ్రాము పంపాడు. అది ఫోటోనో కాదో చూడకుండా ప్లగిన్ లోపలికి రానిచ్చింది. ఆ కన్నం పూడ్చడానికే ఆ అప్‌డేట్ వచ్చింది. దూరినవాడు పేజీలన్నీ తుడిచిపెట్టాడు. బ్యాకప్ కూడా అదే సర్వర్లో పెట్టిన బుద్ధిమంతుణ్ణి నేను. అదీ పోయింది.

వెళ్లి చెప్పాను. ఆంటీ తిట్టి ఉంటే బాగుండేది. "పచ్చళ్లు నాకు నోటికి వచ్చులే బాబూ. నేను చెప్తాను, నువ్వు టైప్ చెయ్యి" అన్నారు.

ఇప్పుడు ఆదివారాలు వెళ్తున్నాను. మొన్న మాగాయ చెబుతూ ఉప్పు దగ్గర ఆగిపోయారు.

"ఇక్కడ ఆయన బ్రాకెట్‌లో ఏదో రాశారయ్యా. చదివినప్పుడల్లా నవ్వొచ్చేది. నోటిదాకా వస్తోంది గానీ గుర్తు రావట్లేదు. సైట్ చేసినవాడివి, నువ్వు చదివే ఉంటావుగా. ఏవిటది?"

అన్నేళ్లలో ఆ సైటులో ఒక్క పేజీ కూడా నేను పూర్తిగా చదవలేదు. ఆ సంగతి ఆవిడతో చెప్పలేకపోయాను. "ఆలోచిస్తాను ఆంటీ" అని బ్రాకెట్ తెరిచాను. ఆవిడ నా వేళ్లకేసి చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ఖాళీగానే మూసేశాను.