నంబరుకి పేరు

రుస్మాంతో నెమ్మదస్తుడు. జావా దీవిలోని మా జెపారాలో అది పొగడ్త. నాకు మాత్రం ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది.

మా టేకు చెక్కుడు సంఘానికి మెయిల్ సర్వర్ పెట్టింది అతనే. మా నమూనాలు పరాయి కంపెనీ చేతిలో ఎందుకుండాలని, రంపపు పొట్టు ఎగరని మూలగదిలో సొంతంగా నడిపాడు. ఉత్తరాలు ఎక్కడికి రావాలో, మా పేరుతో ఎవరు పంపొచ్చో, నెట్ చిరునామాల పట్టిక డీఎన్ఎస్‌లో అన్నీ పొల్లుపోకుండా రాశాడు. ఒక్కటే అతని చేతిలో లేదు. మా సర్వర్ నంబరు ఎవరిదని అడిగితే మా పేరు చెప్పే రికార్డు, ఇంటర్నెట్ లైను ఇచ్చినవాళ్లే పెట్టాలి. అది లేకపోతే అవతలి సర్వర్లు మన ఉత్తరాన్ని దొంగ ఉత్తరం కింద జమకట్టి పారేస్తాయి.

ఆ లైను ఆఫీసులో పై అధికారి సుకార్దీ, రుస్మాంతో భార్యకి పెదనాన్న. ఇతను కాఫీపొడి పట్టుకెళ్లి అడిగాడు. “చూద్దాంలే నాయనా,” అన్నాడాయన. ఆ తర్వాత కోళ్ల గురించి మాట్లాడుకుని వచ్చేశాడు.

ఈలోగా హాలండ్ నుంచి ఒకతను హోటల్ కుర్చీలకి ధర అడిగాడు. అది దొరికితే వానాకాలమంతా అందరికీ పని. జవాబు రాశాం. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ రాశాం.

“పెద్దాయన ఆ రికార్డు పెట్టాడా?” రుస్మాంతోని అడిగాను.

“ఇంకా లేదన్నా.”

“మరి అడగవేం, నోరు పడిపోయిందా?”

“ఒకసారి చెప్పాను కదా. మళ్లీ అడిగితే ఆయన మర్చిపోయారని ఎత్తిచూపినట్టుంటుంది.”

“అయితే నేనెళ్తా.”

“నువ్వెళ్లినా నేను పంపినట్టే అవుతుందన్నా. వద్దు.” నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. మా మర్యాద తగలెయ్య, ఊరంతా ఇంతే.

చివరికి సుకార్దీయే బల్ల కొనడానికి వచ్చాడు. నేనుండబట్టలేక అడిగేశాను. రుస్మాంతో నేలచూపులు చూశాడు.

“ఇంతేనా? మళ్లీ గుర్తుచెయ్యొద్దటయ్యా?” అంటూ ఆయన ఆఫీసుకి ఫోన్ చేసి అప్పటికప్పుడే పెట్టించాడు. రుస్మాంతో హాలండ్‌కి మరో ఉత్తరం పంపాడు. బల్ల బేరం తేలేలోపే జవాబు వచ్చింది.

మీ పనే మాకు ముందు నచ్చింది, ఎంతకీ బదులు రాకపోయేసరికి వేరేవాళ్లకి ఇచ్చేశాం అని ఉంది.

“చూశావా, క్షణాల్లో జవాబొచ్చింది,” అని, అందులో ఏముందో చదవని సుకార్దీ సంబరంగా అతని భుజం తట్టాడు.

రుస్మాంతో తెర ఆర్పేసి, వంగి, “అంతా మీ దయ మావయ్యగారూ,” అన్నాడు.