మిరపకాయల్లా ఎండబెట్టిన సోలార్ రేకులు

నిన్న పొద్దున మా మేడ మీద సోలార్ బిగించడానికి వచ్చిన మనిషి ఇనప చట్రాలు దబ్బున కింద పడేసి, "మేడమ్, రేకులు శ్లాబుకి ఆనించేదా, కాస్త ఎత్తు లేపేదా? ఆనిస్తే చూడ్డానికి నీటుగా ఉంటది" అన్నాడు. మామూలుగా నేను ఇటువంటి ప్రశ్నకి ఇంకో ప్రశ్నతో జవాబు చెప్పే మనిషిని. ప్లంబరు దగ్గర నుంచి మా కాలేజీ ప్రిన్సిపాలు దాకా మార్కాపురంలో నాతో మాట పట్టింపు రాని వాళ్లు తక్కువ. నిన్న మాత్రం ఏమీ అనబుద్ధి కాలేదు. అసలు ఎండాకాలం ఇంకా రానే లేదు, అప్పుడే మేడ మీద కాలు పెట్టనీయడం లేదు. "లేపు" అని ఒక్క మాట అనేసి నీళ్ల ట్యాంకు నీడలో కూలబడ్డాను. కూలబడ్డాక మా మేనత్త గుర్తొచ్చింది. ఆమె కూడా ఒక ఎండాకాలం ఇదే ప్రశ్నకి ఆనించమనే జవాబు చెప్పింది. ఆ జవాబు ఆమె బత్తాయి తోట ప్రాణం మీదికి తెచ్చింది.

మేనత్త అంటే మా నాయన చెల్లెలు. పెద్దారవీడు పక్క పల్లె. ఊహ తెలిసినప్పటి నుంచి ఇంకొకరి చేలల్లో వంగిన మనిషి. నన్ను హాస్టల్లో వేసి చదివించింది మా నాయనే అయినా, "చదువు మీ నాయన ఇచ్చినాడు గానీ ఆ నోరు నాదేనే కోడలా" అని నలుగురిలో చెప్పుకునేది. అదేదో ఆస్తి పంచిచ్చినట్టు. తలవెంట్రుకలు తెల్లబడే వయసులో ఆమె పేరు మీద కాస్త మెట్ట చేను వచ్చింది. చేను చేతికొచ్చిన ఏడే బత్తాయి అంట్లు పెట్టింది. ఆ చేను దాకా కరెంటు స్తంభాలు లేవు కాబట్టి బోరుకి సోలార్ మోటారు బిగించారు. ఆదివారం గుడికి పోయి ఇంటికి రాకుండా నేరుగా చేనికి పోయి, తెల్లచీర కుచ్చిళ్లు దోపుకుని, ఒక్కొక్క అంటు దగ్గరా ఆగి దాన్ని పలకరించేది. పలకరించడమంటే తిట్టడమే. "ఏందే, నిన్నటికీ ఇయాల్టికీ ఒక్క ఆకు గూడా ఎయ్యలేదు?"

ఆ అంట్లకి అది మొదటి ఎండాకాలం. మే నెలలో, మా కాలేజీలో అడ్మిషన్ల కోసం లెక్చరర్లని ఊళ్లమ్మట తిప్పే రోజుల్లో, మా బావ ఫోన్ చేశాడు. బావంటే ఆ అత్త కొడుకు. "బోరు పోయినట్టుండాది. మధ్యాన్నమైతే మోటారు ఆగిపోతాంది. కంపెనీ మనిషొచ్చి చూసి, మోటారు బానే ఉంది, మీ బోర్లోనే నీళ్లు లేవని చెప్పిపోయినాడు. ఈ ఆదివారం దాకా చూస్తాం. అంతే, అంట్లు ఒదిలేసి కూలికి బోవడమే" అన్నాడు. వెనక నుంచి అత్త గొంతు వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గాను. ఏమీ వినపడలేదు. ఫోన్లో ఎవరు మాట్లాడుతున్నా పక్కనుంచి అందుకునే మనిషి నోరు మెదపలేదంటే సంగతి ముదిరిందన్నమాటే. మా పక్క ఒక అలవాటుంది. మోటారు ఆగితే ఎవరూ మోటారుని అనుమానించరు, నేరుగా భూమినే అనుమానిస్తారు. ఎన్నో బోర్లు ఎండిపోవడం కళ్లారా చూసిన ఊళ్లు మరి. బోరు పోయిందంటే చావు కబురు విన్నట్టే, ఎట్ల పోయిందని ఎదురు అడగరు.

మర్నాడు బస్సెక్కాను. ఆ బస్సు గురించి చెప్పకపోతే తర్వాత కథ నడవదు. ఏదో పెళ్లి ముహూర్తమున్న రోజు. లోపల జనం ఎట్ల ఇరుక్కున్నారంటే, నా చెంప మీద వాలిన ఈగని తోలుకోవడానికి చెయ్యి లేవలేదు. ముందుకి జరగండి ముందుకి జరగండి అని కండక్టరు అరుస్తూనే ఉన్నాడు, జరిగేందుకు జాగా ఏదీ? టాపు మీద మాత్రం ఎవరో కుర్రకారు అటూ ఇటూ దర్జాగా నడుస్తున్న చప్పుడు. లోపల ఇంతమంది ఉండీ ఒక్కరూ కదల్లేరు, పైన నలుగురే ఉండీ ఇష్టమొచ్చినట్టు తిరుగుతున్నారు. అప్పుడు నాకు కోపమే వచ్చింది గానీ జ్ఞానమేమీ రాలేదు.

చేనికి పోయి చూద్దును గదా, సోలార్ రేకులు స్టాండు మీద లేవు. గాలిదుమారానికి స్టాండు ఊగిందని బావ చేత దింపించి, గట్టు వాలులో పరిపించింది అత్త. ఊరికే నేల మీద కాదు. పలకల గనుల దగ్గర గుట్టలుగా పారేసే నల్లరాతి పెచ్చులు ట్రాక్టరుకి తోలించి, పరుపులాగా పరిచి, దాని మీద ఆనించింది. కింద చీమ దూరే సందు లేదు. రేకు అంచు మీద చెయ్యి పెట్టి చురుక్కుమని తీసేశాను.

"ఇదేందత్తా?"

"ఏంది ఏందే? మిరపకాయలు ఏడ ఎండబెడతాం? పలకరాళ్ల మీద గాదా? పైన ఎండ, కింద సెగ. రెండు పక్కలా కాలితే కరెంటు రెండింతలు రావాల గదా!"

తిట్టడానికి నోరు తెరిచి మూసేశాను. ఎందుకంటే ఉష్ణోగ్రత పెరిగితే సెమీకండక్టర్‌లో కరెంటు సులువుగా పారుతుందన్న వాక్యం నేను ఫిజిక్సు క్లాసులో ఏళ్ల తరబడి బోర్డు మీద రాస్తున్నాను, రాసిన పిల్లలకి మార్కులేస్తున్నాను. ఆ వాక్యం ప్రకారం అత్త పలకరాళ్లే నిజం. మరి మోటారు పొద్దున ఆడి, ఎండ ముదిరితే ఆగి, చల్లపొద్దుకి మళ్లీ ఎందుకు ఆడుతోంది? "రాత్రంతా ఊరిన నీళ్లు మధ్యాన్నానికి అయిపోతండాయి. ఇందులో అర్థం గానిది ఏముండాది?" అన్నాడు బావ. ఆయన మాటా నిజంలాగే ఉంది. అందుకని ఆ రాత్రి అక్కడే ఉండి, పొద్దున మోటారు వెయ్యకముందు బోరు గొట్టం మూత తీయించి చిన్న రాయి వదిలాను. కాసేపటికి బుడుంగుమంది. మధ్యాహ్నం మోటారు ఆగిపోగానే మళ్లీ ఇంకోటి వదిలాను. పొద్దున ఎంతసేపటికి మోగిందో అప్పుడూ అంతసేపటికే మోగింది. బావ గొట్టం మీదికి వంగి, ఇంకో రాయి వేసి, చెవి ఆనించి, చాలాసేపు లేవలేదు.

"నీళ్లుండాయి" అన్నాడు చివరికి, ఎవరో పోయారనుకున్న మనిషి లేచి కూర్చున్నట్టు.

"నీళ్లుంటే మరి దానికేం రోగం?" అని అత్త నా మీదికి తిరిగింది. "ఏమే కోడలా, ఇదేగదా నువ్వు పిలకాయలకి చెప్పేది. చెప్పు."

కొట్టంలో కూర్చోబెట్టి బస్సు కథ చెప్పాను. ఆ రేకుల్లో ఉండేది సిలికాన్. దాంట్లో ఎలక్ట్రాన్లన్నీ నిన్నటి బస్సులో జనంలాగా కిక్కిరిసి ఉంటాయి, కదల్లేవు. టాపు మీద బోలెడు జాగా. మధ్యలో ఎత్తుంది చూడు, దాన్నే బ్యాండ్ గ్యాప్ అంటాం. రాగితీగలో ఆ ఎత్తే లేదు, సగం ఖాళీ బస్సు, ఎవరైనా ఎటైనా జరగొచ్చు. గాజులో ఎత్తు మరీ ఎక్కువ, ఎవడూ ఎక్కలేడు. సిలికాన్‌లో ఎండ వచ్చి ఒక్క తోపు తోస్తే టాపు అందుతుంది. అందేంత బలమున్న తోపే పనికొస్తుంది. సగం దాకా తోసేది లెక్కలోకి రాదు, అది ఊరికే వేడి. ఒకడు పైకెక్కితే లోపల వాడి జాగా ఖాళీ అవుతుంది, పక్కవాడు అందులోకి జరుగుతాడు, ఆ ఖాళీ కూడా బస్సంతా నడుస్తూ పోతుంది.

"బానే ఉండాది. వేడెక్కితే?"

"వేడెక్కితే టాపు కొంచెం కిందికి దిగుద్ది. ఎత్తు తగ్గుద్ది."

"తగ్గితే ఎక్కేది ఇంకా సులువే గదా! మరి కరెంటు పెరగాల గదనే! నా మాటే నువ్వు చెప్తండావు."

ఇన్నేళ్లలో నన్ను ఈ ప్రశ్న ఒక్క పిల్ల గానీ పిల్లాడు గానీ అడగలేదు. అడిగేంత తీరిక మేమివ్వం, బిట్లు బట్టీ పట్టించడానికే పొద్దు చాలదు. నేనూ నన్ను అడుక్కోలేదు. పుల్ల తీసుకుని నేల మీద ఊరికే గీతలు గీస్తూ కూర్చున్నాను. అత్తకది పండగలాగా ఉంది. ఎదురుగా వాడిపోయిన అంట్లు కనపడుతున్నాయి, ఆకులు దొప్పలుగా ముడుచుకుని. నేను బోర్డు మీద గీసేది రెండు గీతలూ మధ్యలో ఖాళీ. ఎలక్ట్రాను పైకెక్కడంతో నా పాఠం అయిపోతుంది. ఎక్కినవాడు ఏం చేస్తాడని ఆ బొమ్మలో ఉండదు. ఎక్కినవాడు తీగ వెంట మోటారు దాకా పోయి, అక్కడ ఆ ఎత్తు దిగాలి. దిగేటప్పటి ఊపే నీళ్లు తోడేది. ఇప్పుడు నాకే తెలిసివచ్చిందన్న సంగతి దాచుకుని, గొంతు పెంచి చెప్పాను.

"ఎక్కేది సులువే అత్తా, దూకేదే దండగ. టాపు కిందికి దిగితే దూకుడులో ఊపేముంటుంది? అదీగాక వేడికి ఎవరికి వారు ఊరికే పైకెక్కి, తీగ దాకా పోకుండా అక్కడికక్కడే పడిపోతుంటారు. రేకుల నుంచి మోటారుకి కరెంటు పంపే ఆ పెట్టె ఉంది చూడు, దానికి ఇంత ఊపని కావాల. తగ్గిందంటే మోటారుని ఆపేస్తది."

అత్త కుచ్చిళ్లు దోపుకుంది. "అంటే జనం ఎక్కువైనారు, పనిజేసేవాడు లేడు. పంచాయతీ ఆఫీసు అని ఒక్క మాట చెప్తే అయిపోయేదానికి బస్సులూ టాపులూ ఎందుకే?" అని లేచి, "రేయ్, లెయ్యి" అంది కొడుకుని.

సాయంత్రం చల్లబడ్డాక రేకులు మళ్లీ స్టాండు ఎక్కాయి. స్టాండు ఊగకుండా కంచె రాళ్లు పాతి తీగలతో బిగించాడు బావ. నల్లపెచ్చులన్నీ అత్త తట్టలతో ఎత్తి గట్టవతల పోసింది, పాపం వాటిని కూడా తిడుతూనే. శనివారం మధ్యాహ్నం ముగ్గురం గొట్టం మూతి దగ్గర కూర్చున్నాం. ముందురోజు ఆగిన వేళ వచ్చింది, పోయింది, నీళ్లు పడుతూనే ఉన్నాయి. బావ దోసిలి పట్టి మొహం కడుక్కున్నాడు. కళ్లు కడుక్కున్నాడనుకుంటా. అత్త పాదిలో కాలు పెట్టి నిలబడి, "వేడెక్కితే బలం తగ్గుద్దంటివే, నువ్వు గూడా అంతేనే కోడలా" అంది. అంతే, థ్యాంక్స్ లాంటిదేమీ లేదు. గట్టు పక్క వరస అంట్లు బతకలేదు. మిగతావి బతికాయి. ఆ ఆదివారం వాళ్లు కూలి సంగతి ఎత్తలేదు.

నిన్న మేడ మీద నుంచి అత్తకి ఫోన్ చేశాను. ఇప్పుడు తోట కాపు మీదుంది, ఆమెకి మోకాళ్లు అరిగిపోయాయి, వినపడేది కూడా సగమే. "రేకులు ఎత్తు మీద పెట్టిస్తున్నా అత్తా" అని అరిచాను. "పెట్టు పెట్టు. కింద గాలాడాల" అంది. ఇంకేమైనా అంటుందని చూశాను, నాలుగు తిట్లయినా. ఎండకి మాట్లాడ్డానికి ఆయాసంగా ఉందని పెట్టేసింది. బిగించే మనిషి పని ముగించి దిగిపోయాక ఆ రేకుల కింద చేరాను. శ్లాబు మీద నీడ పడింది, కాస్త గాలి కూడా ఆడుతోంది. ఎండ అప్పటి ఎండే. దానికింద నిలబడి పోట్లాడే ఓపిక మాత్రం మా అత్తాకోడళ్లిద్దరికీ ఏటికేడు కొంచెం కొంచెంగా కిందికి దిగుతోంది.