గోపమ్మ మందను తోలుకుపోయిన ఎండాకాలం

జడ్చర్లకు ఆవల, పెద్దరోడ్డును ఆనుకుని ఉన్న పల్లె గోపమ్మది. మేకకు కాలు విరిగినా, గొర్రెపిల్ల గుంతలో పడి కుంటుతున్నా ఊళ్లోవాళ్లు ఆమె దగ్గరికే తెచ్చేవారు. నాలుగు వెదురుబద్దలు, ఒక పాతచీర పేలిక, కోడిగుడ్డు సొన ఉంటే చాలు, కట్టు కట్టేసేది. ఆ పని ఆమెకు పుట్టింట్లో అబ్బింది. మొగుడు పర్వతాలు దాన్ని పెద్దగా పట్టించుకునేవాడు కాదు. మంద తనది, ఇల్లు ఆమెది అన్నట్టు ఉండేవాడు. ఏటా ఎండలు ముదరకముందే మందను తోలుకుని కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డుకు వెళ్లేవాడు. ఈనిన గొర్రెలను చూసుకుంటూ ఆమె ఇంటి దగ్గరే ఉండిపోయేది.

సర్కారు గొర్రెలిచ్చిన మరుసటి ఏడు, మంద రోడ్డు దాటుతుండగా ఒక ట్రాలీ ఆటో వచ్చి గుద్దింది. ఒక గొర్రెపిల్లకు ముందుకాలు విరిగింది. దాన్ని పక్కకు లాగబోయిన పర్వతాలుకు మోకాలి కింది ఎముక విరిగింది. ఆయనకు దవాఖానలో సిమెంటు పట్టీ వేశారు. పిల్లకు గోపమ్మ బద్దలు కట్టింది.

నెల తిరక్కముందే పిల్ల దొడ్లో గెంతులేయడం మొదలుపెట్టింది. మంచం మీది నుంచి పర్వతాలు దాన్నే చూస్తుండేవాడు.

"గది ఉరుకుతాంది. నేనెందుకు పండాలె? గీ పట్టీ ఇప్పు, నీ బద్దలు కట్టు."

"నీ కాలు గొర్రెకాలా? డాక్టరు సారును అడిగినంకనే," అన్నది గోపమ్మ.

కొడుకు పరమేష్ ఆటో మాట్లాడి ఇద్దరినీ దవాఖానకు తీసుకుపోయాడు. గొర్రెపిల్ల సంగతి విని డాక్టరు నవ్వి, ఎక్స్‌రే ఫొటోను వెలుతురుకు పట్టి చూపించాడు. విరిగినచోట సన్నటి పొగలాంటిది ఉంది.

"గిది కొత్త ఎముకమ్మా, ఇంకా లేతగుంది. ఒంట్ల కణాలుంటయి, కంటికి కనపడయి. విరిగినకాడ ఒకటి రెండైతది, రెండు నాలుగైతయి. గట్ల పెరిగి పెరిగి గట్టిపడుతది. గొర్రెపిల్లది పెరిగే వయసు, జల్ది అతుకుతది. పెద్దాయనకు జర నిదానం. పైగా బీడీలు. అవి బంద్ పెట్టాలె."

"మరి కట్టు ఏం చేస్తది సారూ?" అని అడిగింది గోపమ్మ.

"కదలకుండ పట్టుకుంటది. అతికించేది ఒళ్లే."

తిరిగొచ్చే దారిలో ఆమె తన చేతులకేసి చూసుకుంది. ఇన్నేళ్లూ తన చెయ్యే అతికిస్తోందనుకుంది. అతకని కాళ్లు కూడా కొన్ని ఉన్నాయి. ఆ పాపం తనదేనని అన్నం మానేసిన రోజులూ ఉన్నాయి. ఇప్పుడు మనసు కొంచెం చిన్నబుచ్చుకుంది, కొంచెం తేలికా పడింది.

పర్వతాలు వింటేగా! ఒకనాడు ఇంట్లో ఎవరూ లేనిది చూసి లేచి, దొడ్డి దాకా నడవబోయి పడ్డాడు. అతుకుతున్న ఎముక పక్కకు జరిగింది. ఈసారి కాలు కోసి లోపల రాడ్డు వేశారు. వానల దాకా కాలు మోపొద్దన్నారు.

అప్పటికి చుట్టుపక్కల గడ్డిపోచ లేదు. పరమేష్‌కు కంపెనీలో సెలవు దొరకదు. మందను అమ్మేద్దామన్నాడు.

"అమ్ముడెందుకు? నేను తోల్కపోత," అన్నది గోపమ్మ.

"నువ్వా? తొవ్వ ఎరుకనా నీకు?" అన్నాడు పర్వతాలు.

"ఐలేశానికి ఎరుకే గదా. ఆయన మంద ఎనకనే పోత."

ఐలేశం ఆ ఊరి గొర్లకాపరే. ఏటా పర్వతాలుతో కలిసి వెళ్లేవాడు. ఆమె వస్తానంటే తల గోక్కున్నాడు గానీ కాదనలేదు.

మొదటివారం గోపమ్మ కాళ్లు బొబ్బలెక్కాయి. పొట్టేళ్లు ఆమె కూతకు తిరిగేవి కావు. పర్వతాలు కూతే వాటికి అలవాటు. కూసి కూసి గొంతు పోయింది. కొల్లాపూర్ చేరేసరికి మాత్రం మంద ఆమె చెయ్యి ఎటు ఊపితే అటు మళ్లసాగింది. వరి కోసిన మళ్లలో రాత్రిపూట మందను పడుకోబెట్టించుకున్న రైతులు, పెంటికల ఎరువు కోసం మళ్లీ ఆమెనే అడిగారు. పొద్దున్నే ఏటిగాలిలో నిలబడి మంద నీళ్లు తాగడం చూస్తుంటే, మొగుడు ఇన్నేళ్లూ ఇదంతా ఒక్కడే చూశాడు కదా అనిపించింది. కొంచెం కోపం కూడా వచ్చింది.

కోడలు నాగరాణి ఫోను చేసి మామకు ఇచ్చేది.

"ఎట్లున్నది కాలు?"

"పెరుగుతాందట. గొర్లు?"

"అవి గూడ పెరుగుతున్నయి. బీడీ తాగుతున్నవా?"

ఆయన ఫోను కోడలి చేతికి ఇచ్చేసేవాడు.

తొలకరికి ఆమె తిరిగొచ్చింది. దారిలో పుట్టిన పిల్లలతో మంద పెద్దదైంది. పర్వతాలు కర్ర పట్టుకుని ఊరి బయటి దాకా ఎదురొచ్చాడు. ఎముక అతికింది గానీ కాలు కొంచెం పొట్టి అయింది. పొట్టేళ్లను చూసి తనదైన కూత కూశాడు. రెండు మూడు చెవులు రిక్కించాయి. మిగిలినవి గోపమ్మ వెంటే నడిచాయి. ఆయన కర్ర ఊతంగా పక్కకు జరిగి మందకు దారిచ్చాడు.

"మంచిగనే మేపినవ్," అన్నాడు చివరికి.

మరుసటి ఏడు ఇద్దరూ వెళ్లారు. ముందు గోపమ్మ నడిచింది. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలు పెద్ద గొర్రెల వేగాన్ని అందుకోలేవు. వాటిని తోలుకుంటూ, మెల్లగా, పర్వతాలు వెనక వచ్చాడు.