కిన్నెరసానిలో మునిగిన ఉపన్యాసం

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో నేను మునుగుతాను. చాటుగా కాదు, జనమంతా గట్టు మీద నిలబడి చూస్తుండగా, నోట్లో ఉపన్యాసంతో సహా మునుగుతాను. ఈత రాని పాఠకులు కాస్త దూరంగా కూర్చుని చదవండి.

ఎనభైల మాట. పాల్వంచలో జూనియర్ కాలేజీ లెక్చరర్ని. పొద్దున పిల్లలకు భౌతికశాస్త్రం, సాయంత్రం పెద్దలకు హేతువాదం. నాకప్పుడు ముప్పై ఏళ్ళు లేవు, సందేహాలు అసలే లేవు. జాతకం, వాస్తు, దిష్టి, ఏది కనిపించినా పందెంకోడిలా మీద పడేవాణ్ణి. ఎవరైనా తుమ్మితే చాలు, పని లేకపోయినా వెంటనే బయల్దేరేవాణ్ణి.

ఆ రోజుల్లోనే కిన్నెరసాని జలాశయం ఒడ్డున ఒక పడవల క్లబ్బు వెలిసింది. దాని ఆస్తి రెండు కయాకులు. కయాకంటే ఒక్క మనిషి కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే సన్నటి పడవ. చూడ్డానికి మునక్కాయకి పొట్ట చీల్చినట్టుంటుంది. అధ్యక్షులు సుబ్బారాయుడుగారు, కోస్తా నుంచి వచ్చి దమ్మపేట దగ్గర పొలాలు కొన్న పెద్దరైతు. కయాకులు కొన్నదీ ఆయనే, వాటికి కొబ్బరికాయ కొట్టిందీ ఆయనే, రెండింటి తోకలకూ నిమ్మకాయలూ మిరపకాయలూ వేలాడగట్టిందీ ఆయనే.

నేను మొదటి రోజే సభ్యుణ్ణయ్యాను. తెడ్డు వెయ్యడం రాదు. అందుకని గదిలో నులకమంచం మీద కాళ్ళు చాపుకుని, చీపురుకట్టతో సాధన చేశాను. మంచం ఒక్కసారి కూడా మునగలేదు. అదీ నా ధైర్యం.

గొడవ రాజ్యంగారి దరఖాస్తుతో మొదలైంది. ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. భద్రాచలం అవతల గోదావరి ఒడ్డున పుట్టిన మనిషి, నడక కన్నా ముందు ఈత నేర్చిందని చెప్పుకునేవారు. ఆవిడకు సభ్యత్వం ఇవ్వనని క్లబ్బు సభలోనే అనేశారు సుబ్బారాయుడుగారు.

"నీ ఈత సంగతి నాకు తెలుసమ్మాయ్. కానీ ఆడవాళ్ళు పడవెక్కితే గంగమ్మకి గిట్టదు. మా తాతల నాటి మాట."

"మరి మా బడి పిల్లలు గట్టు మీద కూసోని చూసుడేనా సార్?" అంది రాజ్యం.

నేను లేచి నిలబడ్డాను. నేను లేవని సభ ఆ జిల్లాలో లేదు.

"అధ్యక్షా, గంగమ్మ ఆడదా, మగాడా?"

"ఆడదే."

"మరి ఆవిడ రాత్రింబవళ్ళు నీళ్ళలోనే ఎలా ఉంటోందండీ?"

సభ పగలబడి నవ్వింది. ఆ నవ్వు నా నెత్తికెక్కింది. "వచ్చే అమావాస్య నాడు, రాహుకాలంలో, కొబ్బరికాయ కొట్టకుండా, నిమ్మకాయ లేకుండా, ఎదురుగా ఉన్న లంక దాకా వెళ్ళి తిరిగొస్తాను. పొడిగా వస్తే రాజ్యంగారికి సభ్యత్వం ఇవ్వాలి."

"తడిసొస్తే?"

"ఆవిడ దరఖాస్తు వెనక్కి తీసుకుంటారు. నేను అందరి ముందూ కొబ్బరికాయ కొడతాను."

రాజ్యం నా వైపు అదోలా చూసింది. బయటికొచ్చాక అడిగింది: "నా దరఖాస్తు పందెం కాసుడేంది సార్? నన్నడిగితే నేనే నడుపుదును గద."

"ఇది మీ ఒక్కరి సంగతి కాదు, సిద్ధాంతం సంగతి."

"సిద్ధాంతానికి ఈత వచ్చా సార్?"

సిద్ధాంతానికీ రాదు, నాకూ రాదు.

అమావాస్య రానే వచ్చింది. గట్టు మీద జనం తిరునాళ్ళలా మూగారు. పల్లీలు అమ్మేవాడు కూడా వచ్చాడు. లైఫ్ జాకెట్ మాత్రం వేసుకున్నాను, అది సైన్సు కనుక. తర్వాత కయాకు తోకకు వేలాడుతున్న నిమ్మకాయ దండను గుప్పిట్లోకి తీసుకుని జనం వైపు తిరిగాను.

"మాస్టారూ, అది లాగకండి. దాని వెనకాల..." అన్నారు సుబ్బారాయుడుగారు.

"దాని వెనకాల ఏముందో నాకు తెలుసు. వేల ఏళ్ళ అజ్ఞానం ఉంది."

"అది కాదండీ, నా మాట..."

"వినను. విని విని జాతి చెడింది." ఒక్క గుంజు గుంజి, దండను నీళ్ళలోకి విసిరేశాను. చప్పట్లు మోగాయి. ఎవరో తుమ్మారు. సంతోషంగా బయల్దేరాను. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అంటారు. నేను తెడ్డు ముంచకముందే బోడి మల్లన్న అన్నవాణ్ణి.

సగం దూరం బాగానే సాగింది. అప్పుడు కూర్చున్నచోట చల్లగా తగిలింది. తెడ్డు చిమ్మిన చుక్కలే అనుకున్నాను. చుక్కలు మోకాళ్ళెక్కాయి. చుక్కలు బొడ్డు దాకా వచ్చాయి. కయాకు తోక నీళ్ళలోకి దిగి, ముక్కు ఆకాశానికి లేచింది. అచ్చం నా వాలకమే.

గట్టు మీద మాటలు నీటి మీదుగా నా చెవికి చక్కగా చేరుతున్నాయి.

"సారు మర్లుతుండా ఏంది?"

"మర్లుడు గాదు, దిగుతుండు."

"ఓ సారూ, కేకెయ్యుండ్రి."

కేకా? నేనా? నేను కేక వేస్తే అది గంగమ్మ విజయం. చచ్చినా వెయ్యదల్చుకోలేదు, చచ్చే అవకాశం దగ్గర్లోనే ఉన్నా సరే. "మిత్రులారా," అని మొదలుపెట్టాను, "పడవ మునగడానికి కారణం దైవం కాదు, భౌతిక..." అక్కడ కిన్నెరసాని నా నోట్లోకి వచ్చి చర్చ ముగించింది. ఆ జలాశయంలో మొసళ్ళున్నాయని నాకు అప్పుడే గుర్తొచ్చింది. మొసళ్ళు మూఢనమ్మకం కావు.

ఇంతలో గట్టు మీద అలజడి. రాజ్యం ఒడ్డున తేలుతున్న నిమ్మకాయ దండను అందుకుని, రెండో కయాకు ఎక్కుతోంది.

"అమ్మాయ్, నువ్వెక్కకూడదు."

"అయితే మీరెక్కుండ్రి సార్, జల్దీ."

సుబ్బారాయుడుగారు కయాకులో కూర్చునే బొక్క వైపు చూశారు, తన పొట్ట వైపు చూశారు, పక్కకి తప్పుకున్నారు.

నాలుగు బారలేసినట్టుగా వచ్చేసింది రాజ్యం. అప్పటికి నా పడవ నా కింద లేదు. లైఫ్ జాకెట్లో గుమ్మడికాయలా తేలుతున్నాను. ఆవిడ నిమ్మకాయ దండ పైకెత్తి చూపించింది.

"ఇది మీరు పారేసిందేనా సార్?"

"అది మూఢనమ్మకం," అన్నాను, పళ్ళు టకటకలాడుతుండగా.

"అవ్. గీ కొసకు సూడుండ్రి, బిరడా."

చూశాను. దారం రెండో కొసకి చెక్క బిరడా. పడవలో చేరిన నీళ్ళు ఒంపడానికి తోకలో చిన్న రంధ్రం ఉంటుంది. దాని రబ్బరు మూత పోతే సుబ్బారాయుడుగారు చెక్క బిరడా కొట్టి, అది జారిపోకుండా నిమ్మకాయ దారానికే ముడేశారట. నేను అజ్ఞానాన్ని పెరికేశాననుకుంటూ పడవకి చిల్లు పెట్టాను. పిల్లలకు ప్లవన సూత్రాలు చెప్పేది నేనే, మర్చిపోకండి.

నీళ్ళు నిండి పక్కనే సగం తేలుతున్న నా కయాకును రాజ్యం తన పడవకి తాడుతో తగిలించింది. "ఇగ మీరు నా పడవ తోక పట్టుకోండ్రి."

కుక్క తోక పట్టుకుని గోదారి ఈదొద్దన్నారు పెద్దలు. పడవ తోక గురించి ఏమీ అనలేదు కనుక పట్టుకున్నాను. ఆ తోకకూ నిమ్మకాయ, మిరపకాయలు. ఒడ్డు చేరేదాకా అవి నా ముక్కుకి తగులుతూనే ఉన్నాయి.

"సార్," అంది వెనక్కి తిరగకుండానే, "దాన్ని మాత్రం గుంజకుండ్రి."

ఒడ్డెక్కాక, జుట్టులోంచి నాచు వేలాడుతుండగా ఓటమి ఒప్పుకోబోయాను. ఈలోగా సుబ్బారాయుడుగారు చేతులెత్తి నీళ్ళకి దణ్ణం పెట్టారు.

"చూశారా మాస్టారూ మహిమ. మీరెక్కితే ముంచింది, అమ్మాయెక్కితే తేల్చింది. గంగమ్మ తల్లికి ఆడపిల్లలంటేనే ఇష్టం. మా తాతలే తప్పు విన్నారు. అమ్మాయికి ఇవాళే సభ్యత్వం. ఇకనుంచి ఏటా మొదటి పడవ ఆడపిల్లే ఎక్కాలి."

జనం జై కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇది మహిమ కాదండీ, బిరడా..." అని లేచాను.

రాజ్యం నా తడి చొక్కా పట్టి కిందికి లాగింది. "కూసోండ్రి సార్. ముందు కాయితం మీద సంతకం కానియ్యుండ్రి. వాదించుడు రేపు."

జీవితంలో మొదటిసారి, లేచిన సభలో మాట్లాడకుండా కూర్చున్నాను. కొబ్బరికాయ కూడా కొట్టాను, చట్నీకోసమని సభాముఖంగా ప్రకటించి మరీ కొట్టాను. మరుసటి ఆదివారం బడి పిల్లలు వంతులవారీగా కయాకులెక్కుతుంటే, గట్టు మీద కూర్చుని చూసేవాడి పని నాకు దక్కింది.

ఆ గట్టు మీదే ఒక ప్రమాణం చేశాను. దేవుడి మీద కాదు, ఆ చెక్క బిరడా మీద. ఇకమీదట ఏ మూఢనమ్మకాన్నయినా పెరికేముందు, దాని రెండో కొసకి ఏం కట్టి ఉందో వంగి చూస్తాను. చూసిన తర్వాత పెరుకుతాను.