మూడు కాగితాలు, ఒక బోరు

మా వ్యాపారంలో కొటేషన్లు మూడు, కొట్టు ఒకటే. సర్కారు హాస్టలుకు మోటారు కావాలంటే మూడు దుకాణాల ధరలు పోల్చి, తక్కువకిచ్చేవాడి దగ్గర కొనాలని నిబంధన. ఆ మూడు కాగితాలనూ అమ్మదలచినవాడే సమకూర్చి పెట్టడం మా ఆచారం. హిందూపురంలో నా మోటార్ల దుకాణం సొరుగులో, సంతకం చేసి సీలు వేసిన ఖాళీ లెటర్‌హెడ్లు ఎప్పుడూ పది ఉండేవి. నేను పెనుకొండ దాటడమే అరుదు. నా సంతకం మాత్రం చాలా ఊళ్ళు చూసింది.

ధర్మవరంలో నాలాంటి వ్యాపారే ఒక స్నేహితుడు ఉన్నాడు. మొన్న ఎండాకాలం ఫోన్ చేశాడు. పెనుకొండ దగ్గర ఆడపిల్లల హాస్టల్లో బోరు మోటారు కాలిపోయిందట.

“ఏమప్పా, తోడు కాగితం ఒగటి పంపీ. రేటు నేనే ఏసుకుంటా.”

“జాస్తి ఏసుకో సామీ. పొరపాట్న పని నాకే వచ్చాదేమో!”

ఇద్దరం నవ్వుకున్నాం. సొరుగులోని ఖాళీ కాగితం ఒకటి బస్సులో ధర్మవరం చేరింది.

వారం తర్వాత హాస్టలు వార్డెను ఫోన్ చేసింది. కొత్తగా వచ్చిన ఆమె.

“ఈ కొటేషను మీదేనా?”

“మాదే మేడమ్.”

“బోరు లోతు ఎంతని రాసినారు?”

నోటికొచ్చింది చెప్పాను. “మూడు వందల అడుగులు.”

“ఆరు వందలని మీ కాగితంలోనే ఉండాది కదన్నా. మీరు రాసింది మీరే చదవలేదా?”

రాసి ఉంటే కదా, చదవడానికి.

మూడు కాగితాలూ రద్దయ్యాయి. ఆమె చేసింది న్యాయమే. రెండోసారి ధరలు పిలిస్తే, బ్లాక్‌లిస్టులో పెడతారేమోనన్న భయంతో మేమెవరం వేయలేదు. ఎవరో ఒక్కరే వేశారు. ఒక్కరే వేస్తే పోటీ లేనట్టు. మళ్ళీ పిలవమని పైఆఫీసు ఫైలును తిప్పి పంపింది. అది తిరిగినన్నాళ్ళూ హాస్టలు వంటామె రోడ్డవతలి తోట నుంచి బిందెలతో తాగునీళ్ళు మోసింది. ఒకరోజు గట్టు మీద జారి పడితే తుంటి విరిగింది.

ఈ సంగతి నాకు మూడోసారి పిలిచినప్పుడు తెలిసింది. ఈసారి ధర నేనే రాశాను, లోతు చదివి మరీ రాశాను. పని నాకే వచ్చింది.

మోటారు దించిన రోజు వంటింట్లో వేరే ఆమె ఉంది. పాత వంటామె చేతికర్రతో అరుగు మీద కూర్చుని ఉంది. పనికి ఇక పనికిరాదన్నారట. పిల్లల్ని చూసి పోదామని వచ్చిందట. కుళాయిలో నీళ్ళు దూకగానే పిల్లలు కేకలు పెట్టారు.

“ఏమబ్బా, పొద్దున వచ్చి మాపిటికి నీళ్ళు తెప్పించినావే! ఇంత పనికి రెండు నెల్లు ఎందుకు పట్టిందో?” అంది అరుగు మీది పాత వంటామె.

“రూల్సు ఉంటాయి కదవ్వా” అన్నాను.

ఆమె నమ్మింది.