బడుల ఆఫీసు గొంతు

ఆ ఊళ్ళో ఆవిడ మొహం తెలిసినవాళ్ళు తక్కువే గానీ గొంతు తెలియనివాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. కొట్టు దగ్గర నిలబడి "అరకిలో ఉల్లిపాయలు ఇవ్వు బాబూ" అందంటే చాలు, పక్కన నిలబడ్డవాళ్ళ చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది, ఫోన్ కట్ చెయ్యడానికి. జనాన్ని అంత చక్కగా తయారుచేసి పెట్టింది బడుల ఆఫీసు.

ఊళ్ళోని సర్కారు బడులన్నిటికీ కలిపి ఒక ఆఫీసు ఉంది. అందులో 'కుటుంబ అనుసంధాన విభాగం' అని ఒక గది. తలుపు మీద 'ప్రతి కుటుంబానికీ అండగా' అని పెద్దక్షరాలతో రాయించారు. ఆ తలుపుకి లోపలినుంచి ఎప్పుడూ గడియ వేసే ఉంటుంది. తీసి ఉంచితే కుటుంబాలు లోపలికి వచ్చేస్తాయి కదా మరి. ఆ గదిలో కూర్చుని అధికారి రాసిచ్చిన కాగితాన్ని మైకు ముందు చదవడమే ఆవిడ ఉద్యోగం. ఆ గొంతుని కంప్యూటరు ఒకేసారి తల్లిదండ్రులందరి ఫోన్లకూ పంపించేస్తుంది. ప్రతిదీ 'ప్రియమైన తల్లిదండ్రులకు' అంటూ మొదలవుతుంది కాబట్టి ఊరంతా కలిసి ఆవిడకి ప్రియమైనావిడ అని పేరు పెట్టేసింది.

ఇంతకీ ఏం చెప్పేవారంటారా? చలికాలంలో చలి వేయును గనుక పిల్లలకు వెచ్చని దుస్తులు తొడగవలెను. వానలు కురియు సమయమున తడవకుండుట మంచిది. ఏదో బడిలో ఎడమకాలి మేజోడు ఒకటి దొరికినది, పోగొట్టుకున్నవారు ఆనవాలు చెప్పి తీసుకుపోవచ్చును. ఈ చివరిది ఊరందరికీ చెప్పారు, రెండు కాళ్ళకీ మేజోళ్ళున్న పిల్లల ఇళ్ళతో సహా. ఫోన్లు మరీ ఎక్కువైపోతున్నాయా అని కనుక్కోవడానికి ఒక వారమంతా పొద్దునా సాయంత్రం ఫోన్లు చేశారు. అవునంటే ఒకటి నొక్కండి, కాదంటే రెండు నొక్కండి అన్నారు. జనం ఆ రెండూ నొక్కకుండా ఫోన్ పెట్టేశారు. 'ఎవరికీ ఇబ్బంది లేదు' అని అధికారి పైకి రాసి పంపాడు.

ఆ అధికారిని ఆఫీసులో అనుసంధానం సారు అనేవాళ్ళు. వయసులో చిన్నవాడు, మాట మెత్తన, చొక్కా ఇస్త్రీ నలగదు. ఫోన్ ఎత్తితే కబురు చేరినట్టే అని ఆయన లెక్క. ఎత్తి వెంటనే పెట్టేసినా చేరినట్టే. ఆ లెక్కన చూస్తే ఊళ్ళో కబురు చేరని ఇల్లు లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినా ఊదినట్టు రాసుకుంటే ఉద్యోగం నిలబడుతుందని ఆయనకి ఎవరూ నేర్పకుండానే తెలుసు.

ఇక ప్రియమైనావిడ పనితనం చూడాలి. కాగితం చేతికి రాగానే కళ్ళద్దాలు పెట్టుకుని, పెన్సిలుతో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడల్లా చిన్న గీత పెట్టుకునేది. ఆ గీతల్ని పట్టుకుని ఎంత పొడుగు వాక్యాన్నైనా గుక్క తిప్పుకోకుండా, ముత్యాలు పేర్చినట్టు చదివేసేది. అందులో ఏముంది అని అడిగితే మాత్రం చెప్పలేకపోయేది. అర్థం జోలికి పోయేదే కాదు.

దానికి కారణం లేకపోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, నీళ్ళలో పడి చనిపోయిన ఒక పిల్లాడి కబురు చదవాల్సి వచ్చింది. సగంలో గొంతు పూడుకుపోయింది. అప్పటి అధికారి "ఏడవడానికా అమ్మా నీకు జీతం ఇస్తున్నది" అని, ఏడుపు వినబడనంతవరకూ మళ్ళీ మళ్ళీ చదివించాడు. ఆ రోజుతో ఆవిడకి బుద్ధొచ్చింది. "కాగితంలో ఏముందో చూస్తే గొంతు పాడవుతుంది, గీతల్ని చూసుకుంటే చాలు" అని తర్వాత చేరినవాళ్ళకి కూడా నేర్పేది. ఆ మాట గొప్పగానే చెప్పుకునేది.

ఇంట్లో కొడుకు లారీ డ్రైవరు. నెలలో సగం రోజులు రోడ్డుమీదే. కోడలిది ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే పని. దానికోసం ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగిందో ఆ పిల్లకే తెలుసు. మనవరాలు రెండో తరగతి. బడి సందు చివరే. కోడలు పొద్దున్నే పిల్లని గేటు లోపలికి తోసి, అటునించటే ఆసుపత్రికి పరిగెత్తి, గంట కొట్టేలోపు పనిలో ఉండేది. లేటైతే మేస్త్రీ ఊరుకోడు, రెండోసారి లేటైతే రానే రావద్దంటాడు. అత్తగారి ఆఫీసు ఊరికి అవతలి కొసన, ఆవిడ అంతకంటే ముందే బస్సెక్కాలి. ఆ ఇంటి బతుకంతా సందు చివర బడి ఉండడం మీదే ఆధారపడి ఉంది.

ఆఫీసు ఫోను వస్తే కోడలు కూడా అందరిలాగే పెట్టేసేది. "రోజూ ఇంట్లో వింటూనే ఉన్నాగా అత్తయ్యా మీ గొంతు, మళ్ళీ ఫోన్లో కూడానా" అనేది. ప్రియమైనావిడ నవ్వేసి ఊరుకునేది.

అలా ఉండగా ఒక రోజు అనుసంధానం సారు కొంచెం పొడుగు కాగితం ఇచ్చాడు. ఆవిడ గీతలు పెట్టుకుని మొదలుపెట్టింది. "ప్రియమైన తల్లిదండ్రులకు. విద్యా వనరుల హేతుబద్ధీకరణ ప్రక్రియలో భాగముగా, అల్ప నమోదు కలిగిన ఏడవ సంఖ్య ప్రాథమిక విభాగమును రహదారి ఆవలి సమీకృత ప్రాంగణమునందు విలీనము చేయు ప్రతిపాదనపై, అభ్యంతరములు గల కుటుంబములు రాబోవు గురువారము స్వయముగా హాజరై తెలియజేయవలెను. హాజరుకాని ఎడల సమ్మతించినట్లు భావించబడును." ఒక్క తడబాటు లేదు. 'సమ్మతించినట్లు' దగ్గర ఎంత సొగసుగా సాగదీసిందంటే అధికారి చప్పట్లు కొట్టాడు. ఆ సంతోషంలో ఆవిడ ఇంటికి పోతూ దారిలో మనవరాలికి అరటిపళ్ళు కొంది.

ఏడో నంబరు బడంటే తమ సందు చివరి బడే. సందులో ఎవరూ దాన్ని నంబరుతో పిలవరు. చిన్నబడి అంటారు.

గురువారం వచ్చింది, పోయింది. మరి కొన్నాళ్ళకి పిల్లని దింపడానికి వెళ్ళిన కోడలికి గేటు దగ్గర పంతులమ్మ ఎదురైంది.

"నెలాఖరుకి మన బడి ఎత్తేస్తున్నారమ్మా. పిల్లల్ని పెద్ద రోడ్డు అవతలి బడికి పంపించుకోవాలి" అంది.

"అక్కడ గేటు ఎన్నింటికి తీస్తారండీ?"

"ఎనిమిదిన్నరకి."

కోడలు పనిలో ఉండాల్సింది ఎనిమిదింటికి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా గడపలోనే కూర్చుంది. "నా పని పోయినట్టే అత్తయ్యా. లారీలు తిరిగే రోడ్డు దాటి దీన్ని నేనే దింపాలి, నేనే తేవాలి. మీ ఆఫీసేగా, ఒక్క మాటైనా చెప్పరా ముందు?" అని ఏడ్చింది.

ప్రియమైనావిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళు అదే ఆఫీసుకి గొంతు అరగదీసిన తనకే చెప్పకుండా తన మనవరాలి బడి ఎత్తేస్తారా? మర్నాడు అధికారి గదికి పోతే సారు లేడు. 'కుటుంబాల మాట వినడం ఎలా' అనే శిక్షణకి వెళ్ళాడు. శనివారం సాయంత్రం బడిలోనే తల్లిదండ్రులకి వివరిస్తాడని బంట్రోతు చెప్పాడు. సరే, అక్కడే తేల్చుకుందామనుకుంది.

ఆ రెండు రోజులూ ఆవిడ సందులో ప్రతి గుమ్మమూ ఎక్కింది. "చెప్పాపెట్టకుండా ఎత్తేస్తున్నారు. నేను ఆ ఆఫీసులోనే ఉంటాను, చెప్పుంటే నాకు తెలియకుండా ఉంటుందా? అందరూ రండి, నేను అడుగుతాను" అంది. తలుపు తీసినవాళ్ళు మొదట ఆ గొంతు విని ఉలిక్కిపడ్డారు గానీ, మనిషి నిలబడి మాట్లాడుతుంటే చివరిదాకా విన్నారు. అందరూ వస్తామన్నారు, వచ్చారు కూడా.

శనివారం పిల్లల బెంచీల మీద పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. అనుసంధానం సారు మెత్తగా మొదలుపెట్టబోయేలోపు ప్రియమైనావిడ లేచింది.

"సారూ, మీ దగ్గర పనిచేసేదాన్నే అయినా అడుగుతున్నాను. మా పిల్లల బడి తీసేసేముందు మాకు ఒక్క ముక్క చెప్పాలా వద్దా? చెప్పామని మీరు ప్రమాణం చెయ్యగలరా? చెప్పలేదని నేను చేస్తాను."

వెనకనుంచి "అలా అడగండమ్మా" అన్నారు. కోడలు పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అత్తగారి వైపే చూస్తోంది. ఆ చూపులో ఆశ ఉంది.

అధికారి మొహంలో కోపం లేదు, నిజంగానే అయోమయం ఉంది. "అదేంటమ్మా అలా అంటారు. మీరే కదా చెప్పారు. చాలా బాగా చెప్పారు" అని బల్లమీది స్పీకరు పెట్టె మీట నొక్కాడు.

ప్రియమైన తల్లిదండ్రులకు అంటూ ఆవిడ గొంతు గదంతా నిండింది. ఈసారి పెట్టెయ్యడానికి ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. మొదటిసారి ఊళ్ళోవాళ్ళు ఒక కబురు ఆసాంతం విన్నారు. ఆవిడ కూడా విన్నది. 'సమ్మతించినట్లు' దగ్గర ఆ సాగదీత వినబడగానే కూర్చోవాలనిపించింది గానీ బెంచీ ఎటుందో తెలియలేదు.

"ఆ గురువారం నేను కుర్చీలు వేయించుకుని సాయంత్రందాకా కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు" అన్నాడు అధికారి. ఆయన అబద్ధం చెప్పడం లేదు. "ఇప్పుడు ఉత్తర్వులు వచ్చేశాయి. ఇంక నా చేతుల్లో లేదు."

సైకిల్ షాపాయన లేచి పంచె దులుపుకున్నాడు. "ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టుంది" అని గొణిగి బయటికి నడిచాడు. ఆ వెనకే ఒకరొకరుగా అందరూ లేచారు. ఆవిడ పక్కనుంచి ఒద్దిగ్గా తప్పుకుని పోయారు. తిడితే బాగుండుననుకుంది.

అధికారి కూడా పెట్టె సర్దుకుని వెళ్ళాక గదిలో వాళ్ళు ముగ్గురే మిగిలారు. మనవరాలు దగ్గరికొచ్చి కొంగు పట్టుకుంది.

"నాన్నమ్మా, అందరికీ చెప్పావు కదా. మరి మనింట్లో ఎందుకు చెప్పలేదు?"

"చదివాను గానీ తల్లీ, నేనే వినలేదు" అంది ఆవిడ.

కోడలు సంచి భుజాన వేసుకుంది. తర్వాత సంచిలోంచి ఫోన్ తీసి, నంబరు వెతికి, అత్తగారి చేతిలో పెట్టింది.

"మా మేస్త్రీ నంబరు. ఒకటో తారీఖు నుంచి నేను పనిలోకి రానని మీరు చెప్పండి అత్తయ్యా. నేను చెప్పబోతే ఏడుపొస్తుంది. మీరైతే తడబడకుండా చెప్తారు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆవిడ కోడలి మొహంలోకి చూసింది. అలాంటిదేమీ లేదు. ఆ పిల్ల నిజంగానే సాయం అడుగుతోంది.