కోపమా, షుగరా?

స్కూలు యూనిఫాంలు కుట్టే షెడ్డులో ఆమె కటింగ్ మాస్టర్. గుడ్డను పొరలు పొరలుగా పరిచి, సుద్దతో గీసి, మెషీన్ కత్తితో కోసేది. పొద్దున నవ్వుతూ వచ్చిన మనిషి, పదకొండు దాటితే పలకరించినవాళ్ల మీద కస్సుమనేది. అందుకే అందరూ ఆమెను మిరపకాయ అనేవారు.

ఇంట్లోనూ అంతే. "నీతో మాట్లాడాలంటే ముహూర్తం చూసుకోవాలే," అనేవాడు భర్త. ఒకసారి కూతురు తన కొలతల కాగితాల మీద నీళ్లు ఒలకబోసిందని చెంప పగలగొట్టింది. వెంటనే ఆమెకే చేతులు వణికాయి, ఒళ్లంతా చెమట. డబ్బాలో చక్కెర గుప్పెడు నోట్లో పోసుకుంది. కాసేపటికి కుదుటపడి, పిల్లను పట్టుకుని ఏడ్చింది.

ఒకరోజు కటింగ్ టేబుల్ దగ్గర కళ్లు మసకబారాయి. కత్తి పక్కకు పోయి, పరిచిన గుడ్డంతా పాడైంది. నాలుక తడబడుతుంటే ఓనరు దగ్గరికొచ్చి, తాగిందేమోనని వాసన చూశాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. గుండీలు కుట్టే అక్క చేయి పట్టుకుని క్లినిక్కి తీసుకెళ్లింది.

మర్నాడు పరగడుపున తీసిన రక్తంలో ఏమీ తేలలేదు. "టెన్షన్ తగ్గించుకోండి," అన్నాడు అక్కడి డాక్టరు. నెల తిరగకముందే మళ్లీ కళ్లు మసకబారి పడబోయింది. ఈసారి ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు.

"తిన్నాక ఎంతసేపటికి ఇలా అవుతుంది?" అని అడిగింది ఆవిడ.

ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు. రోజూ తినే జామ్ బ్రెడ్డు, తీపి టీ తీసుకుని అక్కడే కూర్చోమంది. మూడో గంటలో వణుకు మొదలవగానే రక్తం తీయించింది. షుగరు నలభై ఎనిమిది.

"తీపి తిన్నాక మీ ఒంట్లో ఇన్సులిన్ మోతాదు మించి ఊరుతోందమ్మా. అది షుగర్ని బాగా కిందికి లాగేస్తోంది. కొంచెం కొంచెంగా, గుడ్డో పల్లీలో చేర్చుకుని మాటిమాటికీ తినండి."

"మరి నా కోపం?"

"షుగరు పడిపోతే చిరాకు వస్తుంది."

ఆ మాటకు గుండె తేలికైంది. దారిలో మళ్లీ బరువెక్కింది. ఆ చెంపదెబ్బ ఎవరు కొట్టినట్టు?

తీపి టీ మానేసింది. పని మధ్యలో తింటే ఓనరు సణిగేవాడు. గుమ్మం దగ్గర నిలబడి నాలుగు పల్లీలు నమిలి వచ్చేది. వణుకు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

కొత్త చిక్కు ఇంట్లో మొదలైంది. ఆమె గొంతు పెంచితే చాలు, భర్త పల్లీల డబ్బా తెచ్చేవాడు. ఒకసారి ఆమెతో మాట మాత్రం అనకుండా, ముందుగదిలో ఉండటానికి తన చెల్లెలి సంసారాన్ని రమ్మని పిలిచాడు. అది ఆమె కుట్టుమెషీన్ ఉన్న గది.

"నన్ను ఒక్కమాట అడగాలనిపించలేదా?"

"ముందు ఇవి తిను. తర్వాత మాట్లాడదాం."

ఆమె షుగరు చూసుకునే మీటరు తీసి, అతని ఎదుటే వేలు గుచ్చుకుంది. తొంభై నాలుగు.

"చూడు. ఇది జబ్బు కాదు. నా కోపమే."

అతను డబ్బా మూత పెట్టాడు. చెల్లెలికి ఫోన్ చేసి, ఇంకో చోటు చూసుకోమన్నాడు. ఆ తర్వాత వారం రోజులు ముభావంగానే తిరిగాడు.

కూతురి భయం మాత్రం పోలేదు. ఏం చెప్పాలన్నా తలుపు దగ్గరే ఆగి, "అమ్మా, తిన్నావా?" అంటుంది. తిన్నానని చెప్పినా, తల్లి ముఖం కాసేపు చూశాకే లోపలికి వస్తుంది.